బడి మాన్పించాక ఇంట్లో చదువు నిలబెట్టడం ఎలా: మొదటి పన్నెండు వారాలు

ఆదివారం ఆరాధన ముగిసి, అందరూ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కునే సమయంలో నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నారట కదా, మరి వంట ఎప్పుడు చేస్తారు, పాఠం ఎప్పుడు చెప్తారు?" అడిగేవారు మారుతున్నారు గాని ప్రశ్న మారడం లేదు. చెప్పులు వేసుకునే వ్యవధిలో దానికి జవాబు ఇమడదు కాబట్టి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఐదు నుండి పదేళ్ల లోపు పిల్లలు ఉండి, హైదరాబాదులో రెండు పడకగదుల అద్దె ఇంట్లో, ఒక్క జీతం మీద సంసారం నడుపుకునే తల్లిని మనసులో పెట్టుకొని ఇది రాశాను. బడి మేలా, ఇల్లు మేలా అన్న వాదన జోలికి పోను. మీరూ మీ భర్తా ప్రార్థనలో పెట్టి నిర్ణయం తీసుకున్న తర్వాత ఏమి చేయాలో మాత్రమే చెబుతాను. నేను చూసినంతలో ఇంటి చదువు తల్లికి చదువు రాక ఆగిపోలేదు. ఇంటిని బడిలాగా నడపబోయి, నెల తిరిగేసరికి గొంతు పోయి, ఓపిక పోయి ఆగిపోయింది. కింది అంచెలన్నీ ముఖ్యంగా ఆ పొరపాటు తప్పించడానికే.

కావలసినవి

మొదటి పన్నెండు వారాలకు ఇవి చాలు:

- పెద్ద అక్షరాల తెలుగు బైబిలు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం.
- మీ పిల్లల తరగతికి చెందిన తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు, అంటే రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు. ఇవి ఆన్‌లైనులో ఉచితంగా దొరుకుతాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలూ అంతే. మొదట లెక్కల పుస్తకం, పరిసరాల విజ్ఞానం మాత్రమే ప్రింటు తీయించుకోండి.
- పలక, నాలుగు గీతల కాపీ పుస్తకం, ఒంటి గీతల నోటుపుస్తకం, లెక్కలకు గళ్ల పుస్తకం.
- దర్జీ టేపు, వంటింటి కాంటా, ముళ్లున్న గోడ గడియారం.
- రోజువారీ నమోదుకు పొడవాటి లెడ్జరు పుస్తకం ఒకటి.
- రేకు పెట్టె ఒకటి, లేదా బట్టల అలమరలో ఒక అర. చదువు సామాను మొత్తం అందులోనే పట్టాలి.

తెల్లబోర్డు, చిన్న బల్లలు, గోడ నిండా చార్టులు, ట్యాబు అక్కరలేదు. విదేశాల నుండి వచ్చే క్రైస్తవ పాఠాల కిట్లు అసలే అక్కరలేదు. మొదటి ఏడాది నేను అటువంటి పెట్టె ఒకటి తెప్పించి, పుస్తకాల ధరకు తోడు సుంకం కూడా కట్టాను. అందులో మంచు మనిషిని చేసే పాఠం ఉంది, డైములూ సెంట్లూ లెక్కపెట్టే పాఠం ఉంది. కూకట్‌పల్లిలో పుట్టి పెరిగిన మా అమ్మాయి ఆ నాణేలను చూసి "ఇవి ఏ కొట్లో చెల్లుతాయమ్మా?" అని అడిగింది. ఆ పెట్టె ఇప్పటికీ సజ్జ మీదే ఉంది.

1. ముందు కాగితాలు, ఇంటివారి మాట

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలవుతోంది. ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య హక్కు అని అది చెబుతుంది. పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని దాని 10వ సెక్షన్‌లో ఉంది. అయితే తల్లిదండ్రులకు శిక్ష ఏదీ అందులో లేదు. ఇంటి చదువును పేరు పెట్టి అనుమతించిన మాట గాని, నిషేధించిన మాట గాని కూడా లేదు. ఈ అస్పష్టతను తెలిసే దిగండి. "ఏమీ కాదులే" అని ఎవరైనా భరోసా ఇస్తే ఆ భరోసా మీద కాదు. మీకు పనికొచ్చే మరో సంగతి 4వ సెక్షన్‌లో ఉంది: బడిలో లేని బిడ్డను తిరిగి చేర్చేటప్పుడు వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. అంటే వెనక్కి వెళ్లే దారి మూసుకుపోదు.

బడి మాన్పించే ముందు టీసీ, చివరి ప్రోగ్రెస్ రిపోర్టు, స్టడీ సర్టిఫికెట్ చేతికి తీసుకోండి. వీటి విషయంలో నేను దెబ్బతిన్నాను. పిల్లలను పంపడం ఆపేసి, నెల గడిచాక టీసీ కోసం వెళితే, మొదలైన టర్ముకు పూర్తి ఫీజు కడితే తప్ప ఇవ్వమన్నారు. ఆ బడి పేరు చెప్పి ప్రయోజనం లేదు. విద్యా సంవత్సరం ముగిసేలోపు, అంటే ఏప్రిల్‌లోనే, రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి దాని నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి.

ఇక ఇంటివారి సంగతి. అత్తమ్మ, మామయ్య మీతోనే ఉంటున్నట్లయితే వారిని ఒప్పించే వరకు ఆగనవసరం లేదు గాని, వారికి చెప్పకుండా మాత్రం మొదలుపెట్టవద్దు. "ఆరు నెలలు చూద్దాం అత్తమ్మా, కుదరకపోతే జూన్‌లో మళ్లీ చేర్పిద్దాం" అన్న మాట మా ఇంట్లో పనిచేసింది, ఎందుకంటే అది నిజమే. పైగా ఆమెకు మధ్యాహ్నం కథ చెప్పే పని అప్పగించాను. రెండో నెలకల్లా పక్క ఫ్లాటువారి ముందు నా తరఫున ఆమే వాదించేది.

2. మొదటి రెండు వారాలు పాఠం తెరవవద్దు

ఇది చాలామందికి మింగుడుపడదు. బడి నుండి వచ్చిన పిల్లలకు చదువంటే బెల్లు, డైరీ, ఎర్ర సిరా. ఆ అలవాటు వదలడానికి సమయం పడుతుంది. ఈ రెండు వారాలలో ఉదయం కుటుంబ ప్రార్థన, మధ్యాహ్నం మీరు బిగ్గరగా చదివి వినిపించే కథ, రోజంతా ఇంటి పని, సాయంత్రం ఆట, ఇంతే. మీరు మాత్రం ఖాళీగా ఉండరు: మీ ఇంట్లో ఏ పని ఏ పని తర్వాత జరుగుతుందో లెడ్జరులో రాసుకుంటూ ఉండండి. తర్వాతి అంచెకు అదే ఆధారం.

3. టైంటేబుల్ వేయవద్దు, వరుస వేయండి

తొమ్మిదిన్నరకు తెలుగు, పదింటికి లెక్కలు అని గోడకు అంటిస్తే మొదటి రోజు పదీ పదికే మీరు ఓడిపోతారు. గ్యాస్ సిలిండరు అబ్బాయి వస్తాడు, ఊరి నుండి అమ్మ ఫోను వస్తుంది, రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లు ఆరోజు గంట ఆలస్యంగా వస్తాయి. ఇల్లు గడియారం మీద నడవదు. ఒక పని తర్వాత ఒక పని వచ్చే వరుస మీద నడుస్తుంది. కాబట్టి ప్రతి పాఠాన్నీ రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి ముడివేయండి. మా వరుస ఇది:

ఆయన టిఫిను డబ్బా కట్టి పంపాక కుటుంబ ప్రార్థన. ప్రార్థన చాప చుట్టకుండానే దాని మీదే తెలుగు. నేను కుక్కరు పెట్టినప్పుడు పలకలు పట్టుకొని పిల్లలు వంటింటి గుమ్మంలో కూర్చుంటే నోటి లెక్కలు. మూడో కూత వచ్చి పొయ్యి ఆపేసరికి అవి ముగుస్తాయి. ఆ తర్వాత నేను పక్కన కూర్చొని గళ్ల పుస్తకంలో రాత లెక్కలు. భోజనం అయ్యి గిన్నెలు కడిగాక బిగ్గరగా చదవడం. చిన్నది నిద్రపోయే గంటలో పెద్దవాడికి ఇంగ్లీషు. నల్లా వచ్చే రోజున బిందెలు, డ్రమ్ములు నింపడమే మొదటి పని, ఆ రోజు తెలుగు పాఠం సగమే.

ఒక్కో పాఠం ఏడేళ్ల లోపు వారికి పదిహేను నిమిషాలు, ఆపైవారికి ఇరవై ఐదు నిమిషాలకు మించకూడదు. అన్నీ కూడితే రెండున్నర గంటలు కూడా కావు. "ఇంతేనా?" అని మీకే అనుమానం వస్తుంది. నలభై మంది ఉన్న గదిలో ఒక్క బిడ్డతో ఒక్క టీచరు ఎన్ని నిమిషాలు మాట్లాడగలదో ఒకసారి లెక్క వేసుకోండి.

చంటిబిడ్డ ఉన్న తల్లులు పాలిచ్చే సమయాన్ని చదివి వినిపించే సమయంగా పెట్టుకోవచ్చు. ఉద్యోగం చేసే తల్లులకు ఈ వరుస సాయంత్రం ఆరు తర్వాత కూడా సాగుతుంది, కాకపోతే పగలు పిల్లలను చూసుకునే పెద్ద దిక్కు ఇంట్లో ఉండాలి. ఆ దిక్కు లేనప్పుడు ఇంటి చదువు మొదలుపెట్టవద్దనే నా సలహా.

4. కుటుంబ ప్రార్థనను పాఠంగా మార్చవద్దు

పదిహేను నిమిషాలు చాలు. ఒక కీర్తన పాడాలి, ఒక చిన్న భాగం చదవాలి, ఒక్కొక్కరూ ఒక్క వాక్యం ప్రార్థన చేయాలి. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయంలో దేవుని మాటలను ఇంట కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకొనేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమని ఉంది. అక్కడ పరీక్ష పెట్టమని లేదు.

కంఠత వాక్యాలకు విడివిడి వచనాలు ఏరడం కంటే ఒక పూర్తి భాగం తీసుకోండి. 23వ కీర్తనలో ఆరు వచనాలే ఉన్నాయి. వారానికొకటి చొప్పున ఆరు వారాలలో వచ్చేస్తుంది. తర్వాత ఆరు వారాలకు 1వ కీర్తన, అందులోనూ ఆరే. పన్నెండు వారాలకు రెండు కీర్తనలు, అంతకు మించి వద్దు. సరిచూసుకునే పద్ధతి ఏమిటంటే, మొదటి నుండి అప్పజెప్పమనకండి. బట్టలు ఆరవేస్తూ మధ్యలో ఒక వచనం సగం మీరు అని ఆపండి. బిడ్డ మిగతా సగం అందుకుంటే వచ్చినట్లు. మొదటి నుండి మొదలుపెడితే తప్ప అందుకోలేకపోతే పాట వచ్చింది గాని మాట రాలేదు.

ఒక హెచ్చరిక. అల్లరి చేసినందుకు శిక్షగా వాక్యాన్ని యాభై సార్లు రాయించవద్దు. ఒకసారి నేను ఆ పని చేశాను. మూడు వారాల పాటు మా వాడు ఆ అధ్యాయం పేరు వింటేనే ముఖం తిప్పుకున్నాడు. శిక్షకు గిన్నెలున్నాయి, తుడవవలసిన గచ్చు ఉంది.

5. తెలుగు: చూచిరాత, ఉక్తలేఖనం, తిరిగి చెప్పడం

మన సంఘాలలో ఇంగ్లీషు మీడియం పిల్లలు చాలామంది పాటలను ఫోనులో ఇంగ్లీషు అక్షరాలలో చూసి పాడుతున్నారు. నాయనమ్మ బైబిలు తెరిస్తే ఒక్క వరుస చదవలేరు. ఇంటి చదువులో మీకు అన్నిటికంటే త్వరగా ఫలితం కనిపించే చోటు ఇదే.

అక్షరాలు, గుణింతాలు రాని బిడ్డకు ముందు పలక మీద అవి, ఆ తర్వాత ఒత్తులు. ఒత్తులు పట్టుబడిన బిడ్డకు మార్కు సువార్త ఇవ్వండి. పదహారు అధ్యాయాలే, సంఘటన వెంట సంఘటన వస్తుంది, పిల్లలు విసుగు పడరు. కాకపోతే బైబిలు భాష పాతది. "చెప్పెను", "యింట", "వానికి" వంటి మాటలు పిల్లలకు కొత్త. చదివే ముందు ఆ రోజు భాగంలోని ఐదారు మాటలను వాడుక మాటల్లో చెప్పి అప్పుడు చదివించండి. లేకపోతే గొంతు చదువుతుంది, మనసు ఎక్కడో తిరుగుతుంది.

వారం ఇలా నడపవచ్చు: సోమవారం, మంగళవారం రెండు వాక్యాల చూచిరాత. బుధవారం అవే వాక్యాలు ఉక్తలేఖనం, అంటే మీరు చెబుతుంటే చూడకుండా రాయడం. గురువారం తప్పులు మాత్రమే మళ్లీ రాయించడం. తప్పులు ఎక్కడ వస్తాయో ముందే చెప్పగలను: ల, ళ, న, ణ, శ, ష, స, ఋకు బదులు రు, ఒత్తు మరచిపోవడం. ఎర్ర సిరాతో గుండ్రాలు చుట్టకండి. సరైన మాటను పక్కన పెన్సిలుతో మీరు రాసి, తప్పు ఏదో బిడ్డనే కనిపెట్టమనండి.

చదివిన ప్రతిదాని తర్వాత పుస్తకం మూసి "ఏం జరిగిందో నాన్నకు చెప్పినట్లు చెప్పు" అనండి. ప్రశ్నలు వేయవద్దు. మీరు ప్రశ్న వేస్తే మీకు కావలసిన జవాబు వస్తుంది. వదిలేస్తే బిడ్డకు అర్థమైనది వస్తుంది. గలిలయ సముద్రం మీద తుఫాను కథ చదివిన రోజున మా చిన్నది యేసు ప్రభువు పడవ వెనుక తలగడ వేసుకొని నిద్రపోయాడన్న మాట దగ్గరే ఆగిపోయి, ఆ తలగడ తడిసిందా లేదా అని పావుగంట ఆలోచించింది. ఆ రోజుకు అది చాలు.

6. లెక్కలు: మూరతో మొదలుపెట్టండి

మా ఇంట్లో బాగా కుదిరిన పాఠం ఒకటి పూర్తిగా చెబుతాను. దీని పద్ధతి పట్టుబడితే మిగతావి మీరే కల్పించుకోగలరు.

ఆదికాండము ఆరవ అధ్యాయంలో నోవహు ఓడ పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30 అని ఉంది. మూర అంటే ఏమిటని పిల్లలు అడిగారు. నేను జవాబు చెప్పకుండా మోండా మార్కెట్‌కు తీసుకెళ్లాను. పూలమ్మే ఆమె మోచేయి నుండి వేళ్ల కొస దాకా మల్లెదండను చాచి "మూర" అంది. ఇంటికి వచ్చి దర్జీ టేపుతో కొలిచాం. నా మూర 43 సెంటీమీటర్లు, ఏడేళ్ల అమ్మాయిది 32. పలక మీద గుణించాం: నా మూరతో ఓడ పొడవు 129 మీటర్లు, తన మూరతో 96 మీటర్లు. "ఒకే ఓడ రెండు పొడవులు ఎలా ఉంటుంది?" అని పిల్ల అడిగింది. అందరూ ఒప్పుకున్న కొలత ఎందుకు కావాలో ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు. మర్నాడు ఉదయం వీధి చివర సుద్దముక్కతో గీత గీసి, టేపును ముందుకు జరుపుకుంటూ 129 మీటర్లు కొలిచాం. గీత మా ఇల్లు దాటి, ఇస్త్రీ బండి దాటి, నాలుగో అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఆగింది.

ఇది ఒక్క రోజు పాఠం కాదు, నాలుగు రోజులది. ఈ నాలుగు రోజులూ లెక్కల పుస్తకం తెరవకపోయినా నష్టం లేదు. ఐదో రోజున పుస్తకంలో కొలతల అధ్యాయం తెరిచి అక్కడి లెక్కలు చేయించండి. ఈ ఐదో రోజును మాత్రం విడిచిపెట్టవద్దు. ఆటలాగా నేర్చుకున్నది రాతలోకి రాకపోతే తర్వాత బడిలో చేరేటప్పుడు పరీక్షలో అది కనబడదు.

రెండో చోటు రైతు బజారు. మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి ఏది దగ్గరైతే అది. బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి. బిడ్డ చేతికి 200 రూపాయల నోటు, మూడు వస్తువుల చీటీ ఇవ్వండి. పావుకిలో పచ్చిమిర్చి కాంటా మీద 0.250 అని పడితే, భిన్నమూ దశాంశమూ ఒక్కచోట కనబడతాయి. అమ్మే వ్యక్తి చిల్లర లెక్కపెట్టి ఇచ్చేలోపు ఎంత రావాలో బిడ్డ మీ చెవిలో చెప్పగలిగితే తీసివేత వచ్చినట్లే. తప్పు చెబితే అక్కడ సరిదిద్దకండి, వెనుక జనం ఉంటారు. ఇంటికి వచ్చి కూరగాయలు సర్దుతూ మళ్లీ వేయించండి. శాతాలకు దేవునికి ఇచ్చే దశమభాగం ఉంది. తాతయ్య ఇచ్చిన 150 రూపాయలలో పదవ వంతు విడిగా తీసి కవరులో వేసే బిడ్డకు పది శాతం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

7. వారానికి ఒక రోజు బయట

శుక్రవారం మేము పాఠం పెట్టుకోము, ఊరు చూస్తాం. ముందుగా సెలవులు చూసుకోండి: సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూ పార్కుకు సోమవారం సెలవు. మొదటి నెలలో మ్యూజియం మూసిన గేటు ముందు ఇద్దరు పిల్లలతో నిలబడినదాన్ని కాబట్టి చెబుతున్నాను. మ్యూజియం వారంలో బయటి రోజును గురువారానికి మార్చుకోండి.

నోవహు పాఠం చదివిన వారం మేము అఫ్జల్‌గంజ్ వెళ్లాం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు నిలుపుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును ఇప్పటికీ చూడవచ్చు. ఆ వరద తర్వాతే మళ్లీ అటువంటి ముప్పు రాకుండా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఓడ కథ, వరద, చెరువులు, మన నల్లా అన్నీ ఒక్క దారంలో వస్తాయి. అక్కడికి దగ్గరలోనే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం కూడా ఉంది.

రోజంతా తీరిక ఉన్నప్పుడు మెదక్ వెళ్లండి, సుమారు వంద కిలోమీటర్లు. అక్కడి సీఎస్‌ఐ కెథడ్రల్‌ను చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. కరువు కాలంలో పని కల్పించి, చేసిన పనికి తిండి పెట్టిన కట్టడం అది. రంగు అద్దాల కిటికీలలో ప్రభువు పుట్టుక, సిలువ, ఆరోహణం చూపించి, వాటిలో ఎవరెవరు ఉన్నారో పిల్లలనే కనిపెట్టమనండి. అద్దాల మీదికి వెలుతురు బాగా పడేది పగలే కాబట్టి సాయంత్రానికి వాయిదా వేయవద్దు.

ఖర్చు చేయలేని నెలలో ఇంటి దగ్గరి పార్కు, పలక చాలు.

8. సామాను తగ్గించండి

దీనికి ఎక్కువ చెప్పను. పిల్లలు రోజంతా ఇంట్లో ఉంటే ఇల్లు మూడింతలు చిందరవందర అవుతుంది, తల్లి సమయం సర్దడంలోనే పోతుంది. ఆటవస్తువులు ఒక్క బుట్ట, బట్టలు ఒక్కొక్కరికి ఏడు జతలు, పుస్తకాలు ఒక్క పెట్టె. కొత్తది ఒకటి వస్తే పాతది ఒకటి సంఘంలో అవసరమైనవారికి వెళ్లాలి. పాత పుస్తకాలకు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ ఉంది, ఆరాధన అయ్యాక మధ్యాహ్నం వెళ్లినా దొరుకుతాయి; చేతిలో నగదు లెక్క పెట్టుకొని వెళ్లండి, నా వంటివారికి అక్కడ చేయి ఆగదు. ఫీజు మిగిలిందని ఆ డబ్బును ఆన్‌లైను తరగతులకు, కిట్లకు పోయకండి. నెలనెలా విడిగా వేసి ఉంచితే ముందు ముందు పరీక్ష ఫీజులకు పనికొస్తుంది.

సాధారణంగా జరిగే పొరపాట్లు

అందరికంటే ఎక్కువగా కనిపించేది, అన్ని సబ్జెక్టులూ ఒకేసారి మొదలుపెట్టడం. మొదటి నెల ప్రార్థన, తెలుగు, లెక్కలు మాత్రమే. రెండో నెలలో ఇంగ్లీషు చదవడం కలపండి. మూడో నెలలో పరిసరాల విజ్ఞానం. ఇద్దరు పిల్లలున్నప్పుడు ప్రార్థన, చదివి వినిపించడం, బయటి రోజు ఇద్దరికీ కలిపే నడపండి. లెక్కలు, చదవడం నేర్పడం మాత్రం విడివిడిగా.

రెండోది, తోటికోడలి పిల్లలతో పోల్చడం. బడిలో చదివే పిల్లలు పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ఇరవై ఎక్కాల పోటీ పెట్టకండి, ఎవరైనా పెడితే పాయసం వడ్డించే నెపంతో ఆపేయండి. పోటీలో మీ బిడ్డ ఓడిన రోజు రాత్రి మీరు మర్నాటి పాఠాలు రెట్టింపు చేస్తారు; అక్కడి నుండి అంతా చెడుతుంది.

మూడోది కోపం. పాఠం మధ్యలో గొంతు పెరుగుతోందని మీకు తెలిసిన క్షణంలోనే పుస్తకం మూయండి. బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోయండి, పది నిమిషాలకు తిరిగి రండి. అప్పటికీ కుదరకపోతే ఆ రోజుకు ఆ పాఠం లేదు. బిడ్డను నిజంగా గద్దించి ఉంటే, క్షమించమని బిడ్డనే అడగండి. అది అమ్మ పెద్దరికానికి తక్కువ అని మా ఇంట్లో పెద్దలు అన్నారు, నేను ఒప్పుకోలేదు.

నాలుగోది, పిల్లలను ఇంట్లోనే బంధించినట్లు ఉంచడం. సండే స్కూలు ఒక్కటే సరిపోదు. రోజూ సాయంత్రం అపార్ట్‌మెంటు కింద అన్ని ఇళ్ల పిల్లలతో ఆడనివ్వండి, మన సంఘం పిల్లలతో మాత్రమే కాదు.

తండ్రి పాత్ర లేకపోవడం ఐదోది. ఆయన పాఠం చెప్పనక్కరలేదు. రాత్రి భోజనం దగ్గర ఆ రోజు కథ బిడ్డ నోట వినడం, శనివారం లెడ్జరు చూసి సంతకం పెట్టడం, ఈ రెండూ చాలు.

ఫలితం ఎలా సరిచూసుకోవాలి

రోజూ లెడ్జరులో మూడు వరుసలు రాయండి: ఏమి చదివారు, ఏమి చేశారు, ఎక్కడ తడబడ్డారు. ఆరో వారం చివర, పన్నెండో వారం చివర కింది పరీక్ష చేయండి. బిడ్డకు పరీక్ష అని చెప్పవద్దు.

1. ఎన్నడూ చూడని తెలుగు పేజీ ఒకటి చదివించండి. వరుసకు రెండు మూడు చోట్ల ఆగితే గుణింతాలకు, ఒత్తులకు ఒక వారం వెనక్కి వెళ్లండి.
2. పుస్తకం మూసి చెప్పమనండి. జరిగినవి వరుస తప్పకుండా వస్తే చాలు, మాటలు అవే రావలసిన పని లేదు.
3. తరగతి లెక్కల పుస్తకంలో పూర్తయిన అధ్యాయాల నుండి పది లెక్కలు ఇవ్వండి. ఎనిమిది సరైతే ముందుకు, ఐదూ ఆరూ అయితే అదే అధ్యాయం మరొక వారం, అంతకంటే తక్కువైతే పాఠం చెప్పే పద్ధతి మార్చండి.
4. మొట్టమొదటి చూచిరాత పక్కన ఈ వారంది పెట్టి చూడండి. తేడా మీ కంటికే కనిపించాలి.

రెండు పరీక్షల్లోనూ చదవడం కదలకపోతే, అక్షరాలు తారుమారుగా కనిపిస్తున్నాయని బిడ్డ చెబితే, తలనొప్పి అంటే, ముందు కంటి వైద్యుని దగ్గరకు, అవసరమైతే పిల్లల వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. దానిని సోమరితనం అనుకొని నెలలు పోగొట్టుకోవద్దు.

పెద్దయ్యాక సర్టిఫికెట్ మాటేమిటి?

పదో తరగతికి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్ ఉంది, 1989లో ఏర్పడింది. పరీక్షకు కనీస వయసు పద్నాలుగేళ్లు. కనీసం ఐదు సబ్జెక్టులు తీసుకోవాలి, అందులో భాష ఉండాలి. తెలుగు కూడా తీసుకోవచ్చు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్, అక్టోబరు ప్రాంతాల్లో జరుగుతాయి. రాష్ట్రంలో తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా పదో తరగతి, ఇంటర్ నడుపుతోంది.

దీని కోసం పద్నాలుగేళ్లు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే చేయవలసిన పని ఒకటుంది. జనన ధృవీకరణ పత్రం, ఆధార్, టీసీ మూడూ బల్ల మీద పెట్టి పేరు అక్షరం అక్షరం పోల్చి చూడండి. మన ఇళ్లలో ఇక్కడే చిక్కు వస్తుంది: ఆసుపత్రిలో రాయించిన పేరు ఒకటి, బాప్తిస్మంలో పాస్టరు గారు పెట్టిన పేరు మరొకటి, బడిలో ఈ రెండూ కలిపి రాసినది ఇంకొకటి. మా వాడి జనన పత్రంలో బాప్తిస్మపు పేరు లేదు, ఆధార్‌లో ఉంది. ఏ పేరు నిలవాలో మీరిద్దరూ నిర్ణయించుకొని, ముందు జనన పత్రాన్ని మీసేవ ద్వారా సరిచేయించుకొని, దాని ఆధారంగా ఆధార్ మార్పించండి. పనయ్యాక మూడింటి నకళ్లూ రేకు పెట్టెలో, లెడ్జరు కింద వేసి ఉంచండి.